పట్టా చేతికొచ్చింది... కొలువేదీ?

మా వీధి చివరింటి అమ్మాయి పోయినేడాది డిగ్రీ పాసైంది. రిజల్టు వచ్చిన సాయంత్రం ఇంటింటికీ తిరిగి పేడాలు పంచింది. "అత్తమ్మా, ఫస్టుక్లాసు!" అంటూ మా గడపలో నిలబడ్డ ఆ మొహం ఇంకా నా కళ్లముందే ఉంది. ఇప్పుడా పిల్ల మా ఇంటిముందు నుంచి పోవడమే మానేసింది. వెనక సందులోంచి చుట్టూ తిరిగి పోతోంది. మొన్న కూరగాయల బండి దగ్గర ఎదురుపడితే చెయ్యి పట్టుకుని అడిగాను, "ఏందే, మామీద అలిగినవా?" అని. తల దించుకుని మెల్లగా అంది.

"అలిగేదేముంది అత్తమ్మా! కనబడ్డోళ్లంతా ఒక్కటే అడుగుతున్నరు, నౌకరి దొరికిందా అని. ఏమని చెప్పాలె?"

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే నిన్నగాక మొన్న నేనూ ఆ మాటే అడిగాను మరి!

మీ ఇంట్లోనూ, మీ వీధిలోనూ ఇలాంటి పిల్ల ఒకతి ఉండే ఉంటుంది. పెళ్లిళ్లకు రానంటుంది. చుట్టాలొస్తే గదిలోంచి బయటికి రాదు. ఫోను మోగితే ఉలిక్కిపడుతుంది. మనమేమో "ఈ కాలం పిల్లలకు పొగరెక్కువ" అనేసుకుంటాం. అది పొగరు కాదమ్మా... సిగ్గు. తను చేయని తప్పుకు తనే పడుతున్న సిగ్గు! ఆ సిగ్గు సంగతి నాకు బాగా తెలుసు. పదిహేడేళ్ల కింద నేనూ పడ్డాను గనుక.

పట్టాతో పాటే వచ్చిన మాంద్యం

నేను కరీంనగర్‌లో బీకాం పూర్తి చేసింది 2008లో. ఆ ఏడాది సెప్టెంబరు 15న అమెరికాలో లేమాన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు దివాలా తీసింది. పేపర్లో చదివి, "ఎక్కడి అమెరికా, ఎక్కడి కరీంనగర్! మనకేం?" అనుకున్నాం. నాలుగు నెలలు తిరక్కుండానే తెలిసింది మనకేమిటో. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు, లెక్కల్లో వేల కోట్లు లేనివి ఉన్నట్టు చూపించామని తనే ఉత్తరం రాసి బయటపెట్టారు. అప్పటికి ఆ కంపెనీలో 50 వేలకు పైగా ఉద్యోగులు. "హైద్రాబాద్ సాఫ్ట్‌వేర్ నౌకరి" అంటే పెళ్లి సంబంధాల్లో కళ్లకద్దుకునే రోజులవి. ఒక్క రోజులో ఆ మాట విలువ పడిపోయింది. ఆ ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ కంపెనీని తీసుకునేదాకా ఎందరి ఇళ్లలో పొయ్యి వెలిగినా మనసు వెలగలేదు.

ఇంటర్‌లో నా పక్క బెంచీలో కూర్చున్న మంచిర్యాల అమ్మాయి ఇంజినీరింగ్ చదివింది. ఆఖరు సంవత్సరంలోనే ఒక కంపెనీ వాళ్లు కాలేజీకొచ్చి సెలెక్ట్ చేశారు. ఆఫర్ లెటరు చేతిలో ఉంది. చేరాల్సిన తారీఖు మాత్రం లేదు! "త్వరలో తెలియజేస్తాం" అని ఒకసారి, "మరికొంత సమయం పడుతుంది" అని ఇంకోసారి. ఆ ఏడాది దేశమంతటా కంపెనీలు చేసింది ఇదే. తీసుకున్నవాళ్లను వద్దనలేదు, రమ్మననూలేదు.

ఇంకోవైపు మన ఊళ్లకు గల్ఫ్ దెబ్బ. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో దుబాయి పోని ఇల్లు వెతికితే గాని దొరకదు. 2009 నవంబరులో దుబాయి ప్రభుత్వ కంపెనీ దుబాయి వరల్డ్ "అప్పులు ఇప్పట్లో కట్టలేం" అని చేతులెత్తేసింది. అంతకు ముందే అక్కడి కట్టడాలు ఆగిపోయి, మనవాళ్లు పెట్టెలు సర్దుకుని వస్తున్నారు. తండ్రి పంపే పైసలతో హైద్రాబాద్‌లో కోచింగ్ తీసుకుంటున్న ఆడపిల్లలు హాస్టలు ఖాళీ చేసి ఇంటిదారి పట్టారు. మాంద్యం అంటే షేర్ మార్కెట్ గీతలు కాదు... అమీర్‌పేట హాస్టల్లో మంచం ఖాళీ కావడం!

ఆ నవంబరు 29నే కరీంనగర్ పక్కనున్న అలుగునూరు దగ్గర కేసీఆర్‌ను అరెస్టు చేయడం, తెలంగాణ ఉద్యమం ఉప్పెనలా లేవడం మీకు గుర్తుండే ఉంటుంది. నీళ్లు, నిధులతో పాటు "నియామకాలు" అన్న మాట ఊరికే రాలేదు. పట్టాలు పట్టుకుని ఖాళీగా కూర్చున్న పిల్లల కడుపుమంటలోంచి వచ్చింది.

మనకిది కొత్తేం కాదు

అసలు మన రెండు జిల్లాల చరిత్ర చూస్తే, తెరుచుకున్న తలుపులకన్నా మూసుకున్న గేట్లే ఎక్కువ గుర్తొస్తాయి. ఆదిలాబాద్ సిమెంటు ఫ్యాక్టరీ తొంభయ్యవ దశకంలో ఆగిపోయింది. రామగుండం ఎరువుల కార్ఖానా 1999లో మూతబడింది. సింగరేణిలో ఒకప్పుడు లక్షమందికి పైగా కార్మికులు. ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉన్నారు. కాగజ్‌నగర్ సిర్పూరు పేపరు మిల్లు 2014లో మూతబడితే, ఆ ఊరి బజారే మూగబోయింది. నాన్నకు జీతం లేని ఇంట్లో ఆడపిల్ల చదువు ఎన్నాళ్లు సాగుతుంది చెప్పండి!

అయితే మూసిన గేట్లన్నీ మూసినట్టే ఉండిపోలేదు. సిర్పూరు మిల్లు 2018లో మళ్లీ తెరుచుకుంది. రామగుండంలో 2021లో మళ్లీ యూరియా తయారైంది. ఇరవై ఏళ్లు పట్టింది... నిజమే. కానీ తెరుచుకుంది.

1991 సంగతి మీ అమ్మగారిని అడిగి చూడండి. అప్పుడు దేశమే దివాలా అంచున నిలబడింది. విదేశాల నుంచి సరుకు కొనడానికి రెండు మూడు వారాలకు సరిపడే డబ్బే మిగిలింది. ఇంట్లో కష్టమొస్తే మనం గాజులు కుదువబెట్టమూ? అలాగే రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారం పరాయి దేశానికి పంపి అప్పు తెచ్చింది. ఆ గడ్డు కాలంలో ప్రధానిగా కూర్చున్నది మన వంగర బిడ్డ, పీవీ నరసింహారావు. వంగర అప్పుడు కరీంనగర్ జిల్లాలోనే ఉండేది. కుదువబెట్టిన బంగారం విడిపించుకున్నాం. దేశం నిలబడింది. మాంద్యం అనేది వరద లాంటిది. వస్తుంది, పోతుంది. పోయేలోగా ఎవరెవరిని ముంచింది అన్నదే లెక్క.

ముందు మూసుకునేది కొత్తవాళ్ల తలుపే

"కంపెనీల్లో అంతమంది పని చేస్తూనే ఉన్నారు కదా, మన పిల్లకే ఎందుకు దొరకదు?" అని చాలామంది తల్లుల అనుమానం. మన ఇల్లు చూసుకుంటే తెలిసిపోతుంది. ఆదాయం తగ్గితే ముందు ఏం చేస్తాం? ఉన్న సామాను అమ్మేయం. కొత్తది కొనడం మానేస్తాం. కంపెనీలూ అంతే. ఉన్నవాళ్లను తీసేయడానికి వెనకాడతాయి గానీ, కొత్తవాళ్లను తీసుకోవడం మాత్రం ఇట్టే ఆపేస్తాయి. పైగా కొత్తగా చదువయిన పిల్లకు ఆరు నెలలు నేర్పాలి. ఆ ఖర్చు దండగ అనుకుంటాయి. ఇది చాలదన్నట్టు, పై ఉద్యోగాలు పోయిన అనుభవస్తులు కింది ఉద్యోగాలకు వచ్చి నిలబడతారు. పిల్ల నిలబడాల్సిన వరసలో మూడేళ్ల అనుభవం ఉన్నవాళ్లు నిలబడితే ఇక చోటేది?

మరో పేచీ ఉంది. చదువు ఎంత ఎక్కువైతే ఎదురుచూపు అంత ఎక్కువ. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో ఇచ్చిన భారత ఉపాధి నివేదిక చూడండి. 2022లో చదవడం రాయడం రాని యువతలో నిరుద్యోగులు నూటికి 3.4 మంది. డిగ్రీ చదివిన యువతలో నూటికి 29 మంది! చదువుకోనిది బీడీలు చుట్టయినా, కూలికి పోయయినా నాలుగు రూపాయలు తెస్తోంది. చదువుకున్నది ఎటూ పోలేక ఇంట్లో కూర్చుంటోంది. అమ్మ రెక్కల కష్టంతో చదివిన బిడ్డకు ఇది ఎంత గుచ్చుకుంటుందో!

కెనడాలో కొందరు ఆర్థికవేత్తలు మాంద్యంలో పట్టా అందుకున్న వేలమంది జీతాలను ఏళ్ల తరబడి పోల్చి చూశారు. మంచి కాలంలో చదువయినవాళ్లకన్నా వీళ్ల జీతాలు మొదట్లో నూటికి తొమ్మిది వంతుల దాకా తక్కువ. ఆ తేడా పూడడానికి పదేళ్లు పట్టింది. చిన్న చోట మొదలుపెట్టినా, కాలం మారగానే ఇంకో చోటికి మారినవాళ్లు త్వరగా తేరుకున్నారు. చదివి "బాగుంది" అనుకున్నాను. తర్వాత తెలిసింది... ఆ అధ్యయనం మగవాళ్ల మీద మాత్రమే చేశారని!

మన ఆడపిల్లల లెక్క వేరే ఉంది కదా మరి.

ఖాళీ ఏడాదిలో వచ్చి కూర్చునేది

మగపిల్లాడికి ఉద్యోగం దొరకని ఏడాది ఖాళీ ఏడాది. ఆడపిల్లకు అది పెళ్లి ఏడాది! అంతే తేడా.

"ఊకె కూసోబెట్టుడెందుకు? సంబంధం మంచిది. నౌకరి అటెన్క చూసుకుంటది తియ్యి" అంటుంది ఓ పెద్దమ్మ. అందులో పగ లేదు, చెడు ఉద్దేశం అంతకన్నా లేదు. వయసు మీద పడుతోందన్న బెంగ. కాని ఆ "అటెన్క" అనేది ఎన్నడొస్తుంది?

మంచిర్యాల నా స్నేహితురాలు పదకొండు నెలలు ఎదురుచూసింది. 2010 ఫిబ్రవరిలో పెళ్లయింది. నాలుగు నెలలకు కంపెనీ ఉత్తరం వచ్చింది, వచ్చి చేరమని. చేరాల్సింది చెన్నైలో. అప్పటికి తను అత్తగారింట్లో కొత్త కోడలు. "ఆ కవరు బీరువాలో పట్టుచీరల కింద పెట్టిన. ఎవ్వరికి చూపియ్యలె" అని చెప్పింది నాకు, చాలా ఏళ్ల తర్వాత.

ఇక నా సంగతి. ఆ రోజుల్లో కరీంనగర్‌లోనే ఒక టాక్సు లెక్కలు చూసే ఆఫీసులో పని నేర్పుతామన్నారు. నెలకు 1,000 రూపాయలు. బాపు వచ్చి చూశాడు. మేడమీద ఆఫీసు, అందరూ మగవాళ్లే. "వద్దు బిడ్డా" అన్నాడు. నేనూ పట్టుబట్టలేదు. ఇంటి దగ్గరున్న ప్రైవేటు బడిలో 1,500కు చేరాను. "టీచరమ్మ" అన్న పిలుపు బాగానే ఉండేది. పెళ్లి కుదిరి మానేస్తుంటే చివరి రెండు నెలల జీతం ఎగ్గొట్టారు. అది పోతే పోయింది. ఏడాదిన్నర పని చేసినట్టు ఒక కాగితం ముక్కైనా రాయించుకోలేదు చూశారూ... అదీ నా తెలివి! పిల్లలు బడికెళ్లాక మళ్లీ ఏదైనా చేద్దామని పోతే, "అనుభవం ఉందా?" అనడిగారు. ఉందన్నాను. "కాగితం?" అన్నారు.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. ఊళ్లో ప్రతి దుకాణానికీ లెక్కలు తెలిసిన మనిషి కావాల్సి వచ్చింది. నాకు ఆ మేడమీద ఆఫీసు గుర్తొచ్చింది. బాపు మీద కోపం లేదు నాకు. కాని ఆ మెట్లు ఎక్కి ఉంటే... అన్న ఆలోచన బియ్యంలో రాయిలా అప్పుడప్పుడు పంటికి తగులుతూనే ఉంటుంది.

పదిహేడేళ్ల తర్వాత తెరుచుకున్న తలుపు

మన దగ్గర నిరీక్షణ ఎంత దూరం పోగలదో చెప్పడానికి 2008 డీఎస్సీనే సాక్ష్యం. బీఈడీ చేసి, పరీక్ష రాసి, మెరిట్ తెచ్చుకున్నవాళ్లకు ఎస్జీటీ పోస్టులు చేతిదాకా వచ్చి పోయాయి. ముప్ఫై శాతం పోస్టులు డీఎడ్ వాళ్లకు కేటాయించడంతో కథ కోర్టుకెక్కింది. రాష్ట్రం రెండయింది, జిల్లాలు ముక్కలయ్యాయి, ప్రభుత్వాలు మారాయి. చివరికి హైకోర్టు తీర్పు తర్వాత 2025లో తెలంగాణలో వెయ్యిమందికి పైగా అభ్యర్థులను కాంట్రాక్టు పద్ధతిలో తీసుకున్నారు. పరీక్ష రాసినప్పుడు చంకలో పిల్లలున్న తల్లులు, ఉద్యోగంలో చేరేనాటికి ఆ పిల్లల పెళ్లి మాటలు మాట్లాడుకుంటున్నారు!

ఇది మన గోడే కాదు. జపాను లాంటి సంపన్న దేశంలోనూ ఇలాంటి తరం ఒకటుంది. తొంభయ్యవ దశకం మొదట్లో వాళ్ల ఆర్థిక వ్యవస్థ కుప్పకూలింది. అక్కడ చదువయిన ఏడాదే కంపెనీలు పిలిచి తీసుకుంటాయి. ఆ ఏడాది తప్పితే మళ్లీ పిలవరు. అలా పదేళ్లపాటు పట్టాలందుకున్న పిల్లల్లో చాలామంది చిల్లర పనుల్లోనే మిగిలిపోయారు. ఆ కాలాన్ని వాళ్లు "ఉద్యోగాల మంచుయుగం" అంటారు. 2019లో తకరజుకా అనే ఊరి మునిసిపాలిటీ, ఆ తరం వాళ్లకోసమే మూడు ఉద్యోగాలు ప్రకటించింది. 1,800 మందికి పైగా దరఖాస్తు చేశారు. నలభై దాటినవాళ్లు కూడా తొలి ఉద్యోగం పరీక్షకు వరసలో నిలబడ్డారు. చివరికి నలుగురిని తీసుకున్నారు.

ఇవి చదువుతుంటే గుండె బరువెక్కుతుంది. కాని ఇందులో ఒక సత్యం ఉంది. తప్పు పిల్లలది కాదు. వాళ్లు పుట్టిన సంవత్సరానిది!

ఇప్పటి పిల్లల తిప్పలు

మా చివరింటి అమ్మాయి కాలమూ అలాంటిదే. కరోనా తర్వాత రెండేళ్లు సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఎగబడి పిల్లలను తీసుకున్నాయి. ఆ ఊపు తగ్గాక, 2023-24 ఒక్క ఏడాదిలోనే టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో మూడింటిలో కలిపి ఉద్యోగుల సంఖ్య 60 వేలకు పైగా పడిపోయింది. మళ్లీ అదే పాట... ఆఫర్ లెటర్లు ఇచ్చి, చేరే తారీఖులు వాయిదా వేయడం.

"పోనీ గవర్నమెంటు నౌకరి" అందామా? 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో గ్రూప్-1 ప్రకటన వచ్చింది. రాష్ట్రం వచ్చాక అదే మొదటి గ్రూప్-1 అని ఎంత సంబరపడ్డారో! పరీక్ష పేపరు లీకైందని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ పెట్టారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024లో 563 పోస్టులతో మళ్లీ మొదటికొచ్చింది. కరీంనగర్ గ్రంథాలయంలో పొద్దున్నే టిఫిను డబ్బా పెట్టుకుని వచ్చి, చీకటిపడేదాకా చదివే అమ్మాయిలను చూస్తే నా కడుపు తరుక్కుపోతుంది. పరీక్ష కోసం రెండేళ్లు, రద్దయితే ఇంకో రెండేళ్లు. ఈలోగా వయసూ, ఇంట్లో ఓపికా రెండూ కరుగుతాయి.

అలాగని అన్నీ చీకట్లే కావు. 2018లో 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శి పోస్టులు పడ్డాయి. డిగ్రీ ఉంటే చాలు. నా మంచిర్యాల స్నేహితురాలు పిల్లలను నిద్రపుచ్చి రాత్రిళ్లు చదివింది. 2019లో ఉద్యోగం వచ్చింది. నెలకు 15,000. ముప్ఫై ఒకటో ఏట తొలి జీతం! ఇంజినీరింగ్ చదివి ఊరి మోరీలు, చెత్తబండ్లు చూసుకోవడమా అని ఎవరో అన్నారట. "మోరీ శుభ్రమైతే ఊరికి జ్వరాలు తగ్గినయ్. చెన్నైల కూసుంటే ఒక్కరికన్న తగ్గునా?" అని నాతో అంటుంది నవ్వుతూ. పట్టుచీరల కింద కవరు ఇప్పటికీ ఉంది. కాని ఇప్పుడది కుచ్చుకోవడం లేదట.

దగ్గరున్న మెట్టే ఎక్కుదాం

మాంద్యంలో కొలువు వెతుక్కునే పిల్లలకు నేను చెప్పేది ఒకటే. కోరుకున్న ఉద్యోగం వచ్చేదాకా ఖాళీగా మాత్రం ఉండకండి. దొరికింది చెయ్యండి, కోరుకున్నది వదలకండి. మొదటి ఉద్యోగం ఆఖరి ఉద్యోగం కాదు కదా!

మన ఊళ్లలోనే చూడండి. బీకాం చదివిన పిల్ల టాలీ నేర్చుకుని, జీఎస్టీ రిటర్నులు వేయడం వచ్చిందంటే గ్రానైటు వ్యాపారి నుంచి బట్టల దుకాణం దాకా పిలిచి పనిస్తారు. బీఎస్సీ పిల్లలకు ల్యాబులు, ఆస్పత్రులు ఉన్నాయి. అప్రెంటిస్ పథకం సంగతి చాలామందికి తెలియదు. డిగ్రీ చదివినవాళ్లకు కంపెనీల్లో, ప్రభుత్వ సంస్థల్లో ఏడాదిపాటు పని నేర్పిస్తారు. 2019 నిబంధనల్లోనే నెలకు కనీసం 9,000 రూపాయల స్టైపెండు అని పెట్టారు. చివర్లో ఇచ్చే సర్టిఫికెట్టు, "అనుభవం ఉందా?" అన్న ప్రశ్నకు జవాబు. పల్లె పిల్లలకు గ్రామీణ ఉపాధి శిక్షణ కేంద్రాల్లో ఉచితంగా నేర్పిస్తారు.

ఆ రోజుల్లో హైద్రాబాద్‌లో ఇంటర్వ్యూ అంటే బస్సు కిరాయికే అమ్మ పోపుల డబ్బా వెతికేది. జూబ్లీ బస్టాండులో దిగి, పని చూసుకుని, చివరి బస్సు అందుతుందో లేదో అని గుండెలు అరచేతిలో పెట్టుకునేవాళ్లం. 2011లో నలభై రెండు రోజులు సాగిన సకల జనుల సమ్మెలో చాలా రోజులు ఇంటర్వ్యూ ఉన్నా కదలలేని పరిస్థితి. ఇప్పుడు 2023 డిసెంబరు 9 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టే లేదు. ఆ సౌకర్యాన్ని యాదగిరిగుట్టకే కాదు, ఇంటర్వ్యూలకూ వాడుకోండి తల్లీ!

ఇంట్లోవాళ్లతో ఓ మాట

నిజానికి ఈ వ్యాసం పిల్లలకన్నా పెద్దవాళ్ల కోసమే రాస్తున్నాను.

కన్నవాళ్లారా! మేడమీద ఆఫీసు అని, మగవాళ్లున్నారని వద్దనేముందు ఒకసారి పోయి చూసి రండి. ఎవరు నడుపుతున్నారు, పని వేళలేమిటి, దారెలా ఉంది అని తెలుసుకోండి. పది మంది పనిచేసే ఏ చోటైనా, వేధింపుల ఫిర్యాదులు వినడానికి ఒక కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. అంతకన్నా చిన్న చోటయితే జిల్లా స్థాయిలో కమిటీ ఉంటుంది. ఉందా అని అడగండి. అన్నీ బాగుంటే పంపండి. భయంతో మూసిన తలుపు మళ్లీ తెరుచుకోవడానికి ఎన్నేళ్లు పడుతుందో నన్నడగండి.

పెళ్లి చేయొద్దని నేననను. కాని "ఖాళీగా ఉంది కాబట్టి" చేయకండి. చేసేటప్పుడు, చేరే తారీఖు వస్తే పంపుతారా అని పెళ్లిచూపులనాడే అడగండి. కట్నం గురించి మూడు గంటలు మాట్లాడుకునేవాళ్లం, దీని గురించి మూడు నిమిషాలు మాట్లాడుకోలేమా?

ఇక మనం, ఇరుగుపొరుగు అత్తమ్మలం, పెద్దమ్మలం! "నౌకరి దొరికిందా?" అన్న ప్రశ్న కట్టిపెడదాం. దానికి బదులు "ఫలానా చోట ఒకరు కావాలంటున్నరు, పోతవా బిడ్డా?" అని అడుగుదాం. మొదటి మాట సూదిలా గుచ్చుతుంది. రెండోది ఆ సూదితోనే చిరుగు కుడుతుంది.

ఇవి మరవకండి

* ఉద్యోగం ఇప్పిస్తామని ముందే డబ్బు అడిగేవాళ్లను నమ్మకండి. "డిపాజిట్", "రిజిస్ట్రేషన్", "బ్యాక్‌డోర్" ఏ పేరు పెట్టినా సరే. జీతం ఇచ్చేవాడు మన దగ్గర ఎందుకు తీసుకుంటాడు?

* అసలు సర్టిఫికెట్లు చూపించండి, అక్కడ వదిలి రాకండి. ఇవ్వాల్సింది జిరాక్సులే.

* చేరే రోజే నియామక పత్రం అడగండి. చిన్న బడి అయినా, చిన్న దుకాణమైనా మానేసే రోజు అనుభవ పత్రం రాయించుకోండి. నాలా మొహమాటపడకండి.

* జీతం చేతికి కాకుండా బ్యాంకు ఖాతాలో వేయమనండి. పాసుబుక్కే రేపు సాక్ష్యం.

* లేని అనుభవం ఉన్నట్టు కాగితాలు సృష్టించుకోకండి. ఎప్పుడో ఒకప్పుడు బయటపడి ఉన్న ఉద్యోగమూ పోతుంది.

* పోటీ పరీక్షలకు చదువుతుంటే ఎన్నాళ్లు చదవాలో ముందే గడువు పెట్టుకోండి. చదువుతూనే సగం రోజు పనేదైనా చేసుకోండి. పుస్తకంతో పాటు చేతిలో నాలుగు రూపాయలుంటే ఇంట్లో మాటకు విలువుంటుంది.

* దిగులు ఎక్కువై నిద్ర పట్టకపోతే, తిండి సయించకపోతే దాచుకోకండి. అమ్మకో, అక్కకో, స్నేహితురాలికో చెప్పండి. అవసరమైతే డాక్టరుకు చూపించండి. ప్రాణం కన్నా పెద్ద నౌకరి ఏదీ లేదు.

మొన్న ఆదివారం మా చివరింటి అమ్మాయిని ఇంటికి పిలిచాను. నౌకరి మాట ఎత్తలేదు. చాయ్ తాగుతూ నా బీకాం పట్టా తీసి చూపించాను. మడతల దగ్గర పసుపుపచ్చగా మారింది. "అత్తమ్మా, నువ్వు గూడ తిరిగినవా నౌకరి కోసం?" అంది ఆశ్చర్యంగా. మేడమీద ఆఫీసు కథంతా చెప్పాను. కాసేపు ఊరుకుని, "ఆ ఆఫీసు ఇంక ఉన్నదా?" అని అడిగింది.

ఉంది. బోర్డు మారింది, మెట్లు అవే. సోమవారం ఇద్దరం కలిసి పోయాం. టాలీ కోర్సు పూర్తి చేసి రమ్మన్నారు, రెండు నెలల్లో చూస్తామన్నారు. దొరుకుతుందో లేదో ఇప్పుడే చెప్పలేను. కాని తిరిగి వచ్చేటప్పుడు ఆ పిల్ల వెనక సందులోంచి పోలేదు. మా ఇంటిముందు నుంచే, నాతో మాట్లాడుకుంటూ నడిచి పోయింది.